రేపుచూద్దాం గారు ఒప్పుకున్నారు

అయోవా, అమెరికా,
జనవరి 18

ఒరేయ్ మాష్టారూ,

సంక్రాంతి దాటిపోయాక శుభాకాంక్షలు చెబుతున్నాను, తిట్టుకో. నీ ఉత్తరం దసరాకే అందింది. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక పని వచ్చి పడింది. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తోంది. పెద్దదానికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, ఇక మాకు నిద్ర లేదు. అరిసెలు డి మోయిన్‌లో తెలుగువాళ్ల ఇంటి నుంచి తెచ్చుకున్నాం. ఇంటి కబుర్లు ఇంతే, ఎందుకంటే అసలు సంగతి చెప్పకుండా ఇంకొక్క వాక్యం కూడా రాయలేను.

రేపుచూద్దాం గారు ఒప్పుకున్నారు!

మన హాస్టల్ మెస్ మేనేజరు కాదులే, ఆయన ఎప్పటికీ ఒప్పుకోడు. పప్పులో నీళ్ల గొడవ నీకూ నాకూ దేవుడికీ తెలుసు. నేను చెబుతున్నది ఇక్కడి రేపుచూద్దాం గారి గురించి. అరవై ఎనిమిదేళ్ల రైతు, భార్య పోయింది, మొక్కజొన్న, సోయా వేస్తాడు, పొలం మీద తప్ప మరి దేని మీదా ఆయనకు ధ్యాస ఉండదు. పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష మాట ఎత్తితే ‘వద్దు’ అనడు. అంటే వాదించవచ్చు కదా! వసంతంలో విత్తనాలు, వేసవిలో జాతర, శరదృతువులో కోతలు, చలికాలంలో రోడ్ల మీద మంచు. ‘అది కానివ్వండి డాక్టర్, తర్వాత చూద్దాం.’

ఆయన్ని తప్పుపట్టలేం రా. గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ అంటే ముందురోజంతా అన్నం మానాలి, కడుపు కడిగే మందు లీటర్ల కొద్దీ తాగాలి, తెల్లవారుజామున లేచి మిగతాది తాగాలి. మత్తు ఇస్తారు కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకరు కారు నడపాలి. పట్నంలో ఇది ఒక్కరోజు సెలవుతో పోయే పని. ఇక్కడ మంచి ఎండ కాసిన ఒక్క కోత రోజు పోతే రైతుకు ఎంత నష్టమో నీకు నేను చెప్పాలా, మీ నాన్నగారు ధాన్యం కళ్లంలో ఉండగా పెళ్లిళ్లకు కూడా వెళ్లేవారు కాదు కదా.

అందుకే మా క్లినిక్‌లో ఫిట్ పరీక్ష పట్టుకున్నాం. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష. మనం చదువుకున్న పాత మల పరీక్ష గ్వాయెక్‌లా మాంసం మానాలి, సి విటమిన్ మానాలి అనే గొడవ లేదు. ఒక్క నమూనా, ఇంట్లోనే, ఏటా ఒకసారి. రెండూ చెప్పి ఏది కావాలో ఎంచుకోమనాలని నా గట్టి నమ్మకం. శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. కొలనోస్కోపీ ఒక్కటే చేయించుకోమన్నవారిలో 38 శాతం మందే పూర్తి చేశారు, రెండిటిలో ఏదైనా అన్నప్పుడు 69 శాతం. మల పరీక్ష ఏదో పేదవాడికి సరిపెట్టే పరీక్ష కూడా కాదు. మా పక్క రాష్ట్రం మిన్నెసోటాలో 46 వేల మందిపై చేసిన ప్రయోగం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా పరీక్ష చేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయి. అదీ ఆ పాత గ్వాయెక్‌తోనే!

సరే, అక్టోబరు. ఫ్లూ సూది కోసం ఆయన వచ్చాడు, అది మాత్రం ఏ ఏడూ మానడు. సూది వేసే చోటే కిట్ చేతికిచ్చే పద్ధతి ఒకటి ఇక్కడ చాలా క్లినిక్‌లలో ఉంది, మేమూ మొదలుపెట్టాం. మా నర్సు ఈ ఊరి రైతుబిడ్డే. పొట్లం విప్పి బల్ల మీద పరిచింది. కమోడ్‌లో నీళ్ల మీద పరిచే కాగితం, వేలెడంత సీసా, దాని మూతకే గాడులున్న చిన్న పుల్ల. ‘పైపైన నాలుగు చోట్ల గీకి, గాడులు నిండితే చాలు, సీసాలో గుచ్చి మూత బిగించండి’ అని చూపించింది. ఆయన టోపీ సర్దుకుంటూ, ఇలాంటిది టపాలో వేస్తారా అన్నాడు. అప్పుడు అంది చూడు: ‘కోతలయ్యాక ఏటా పొలం మట్టి సంచుల్లో పోసి లాబ్‌కు పంపుతారు కదా, ఇదీ అంతే.’

ఒరేయ్, ఆయన నవ్వాడు! ఇన్నేళ్లలో నేను చూడలేదు. కిట్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక్కడితో అయిపోలేదు. తీసుకెళ్లిన కిట్లలో సగం అలమారలో పడి ఉంటాయి, ఫోను చేసి గుర్తుచేయాలి. పంపినవాళ్లు కూడా సీసా మీద తేదీ రాయడం మరిచిపోతారు, తేదీ లేకపోతే లాబ్ తీసుకోదు. తేదీ రాయాలని నర్సు గట్టిగా చెప్పి పంపింది. కవరు వచ్చింది. సీసా మీద తేదీ ఉంది. సంచి మీద ఆయన చేతి రాతతో పెన్సిలుతో ‘ఉత్తరపు ఎనభై ఎకరాలు’ అని కూడా ఉంది. మట్టి సంచి మీద ఏ పొలమో రాసినట్టు! నేనూ నర్సూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. పాజిటివ్.

ఇక్కడ ఆగి నీతో ఒక మాట. మీ అన్నయ్యకు ఈ క్యాన్సరే అని తెలిసేనాటికి యాభై ఒకటి. ఆ ఏడాదంతా మొలలని మందులు వాడాడు. తోబుట్టువుకు అరవై లోపు వస్తే మనకు నలభై ఏళ్లకే, లేదా వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్లు ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించాలి. నీకిప్పుడు నలభై ఆరు. నీ లెక్క ఎప్పుడో దాటిపోయింది. ఫిట్ కాదు, నీకు కొలనోస్కోపీయే. ‘సాలూరు నుంచి విశాఖ ఎవడు వెళ్తాడు’ అని రాయకు, అలా రాస్తే ఈ ఉత్తరంలో రెండో రేపుచూద్దాం నువ్వే. అక్కడ ప్రభుత్వం ముప్పై దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తోంది, పెద్దపేగు ఆ జాబితాలో లేదు. మనవైపు ఈ జబ్బు ఇక్కడంత ఎక్కువ కాదు, నిజమే. కానీ రక్తం పడుతోందని వచ్చినవాణ్ని గ్లవ్ వేసుకుని పరీక్ష చేయకుండా మొలలని రాసి పంపొద్దని నీ దగ్గరి కుర్ర డాక్టర్లకు చెప్పు. అన్నయ్య విషయంలో ఎవరైనా ఒక్కరు... వద్దులే.

ఎక్కడున్నాను? పాజిటివ్. అంటే క్యాన్సర్ అని కాదు, చాలామందికి ఉండదు. కానీ కొలనోస్కోపీ చేయకపోతే ఆ ఫలితానికి అర్థమే లేదు, నెలల తరబడి సాగదీస్తే ముప్పు పెరుగుతుంది. ఈసారి ఆయన రేపు అనలేదు. ‘తీసుకెళ్లేవాళ్లు లేరు’ అన్నాడు, కిందికి చూస్తూ. కొడుకు ఒమాహాలో ఉంటాడు, అడగడానికి మనసొప్పదు. నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి. చివరికి ధాన్యం కొనే సహకార సంఘం దగ్గర పొద్దున్నే కాఫీ తాగే ఆయన జట్టులో ఒకాయన తీసుకెళ్లాడు. పొద్దుటి నుంచి ఆ హాల్లోనే కూర్చున్నాడట.

రెండు పాలిప్‌లు. అదే, పేగు లోపలి గోడ మీద మొలిచే బుడిపెలు. ఒకటి చిన్నది. రెండోది పెద్దపేగు చివరి వంపు సిగ్మాయిడ్‌లో, కాడ ఉన్నది, రెండు సెంటీమీటర్ల పైన. కణాలు బాగా మారిపోయాయి కానీ కాడలోకి దిగలేదు, మొత్తం వచ్చేసింది. మూడేళ్లకు మళ్లీ చూడాలి. ఇంకొన్ని కోతలు చూద్దామని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసు. రిపోర్టు చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బిల్లు సంగతి అడిగాడు. పాజిటివ్ తర్వాత చేసే కొలనోస్కోపీకి ఇక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్ 2023 నుంచి రోగి వాటా తీసేసింది, కానీ పాలిప్ తీస్తే మాత్రం 15 శాతం కట్టాలి. అది పూర్తిగా పోయేది 2030కి. పాలిప్ దొరకాలనే కదా పరీక్ష చేసేది, దొరికినందుకు డబ్బు కట్టమనడం ఏం న్యాయం?

ఇక నిన్న. అసలు దీని కోసమే ఈ ఉత్తరం. సాయంత్రం ఆ తీసుకెళ్లిన పెద్దమనిషి, వెనక కాఫీ జట్టులో ఇంకో ఇద్దరు, బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చారు. ముగ్గురూ అరవై పైబడినవాళ్లే, ఒక్కరూ ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. కౌంటరు దగ్గర నిలబడి ‘మట్టి సంచులు ఇస్తారట కదా’ అన్నారు! ఇక్కడ 2021 నుంచి నలభై అయిదుకే మొదలుపెట్టమంటున్నారని నర్సు చెప్పగానే ఒకాయన ‘అయితే మా అబ్బాయికి కూడా’ అన్నాడు. ఆ అబ్బాయి మా పేషెంటు కాదు, అలా ఇవ్వడానికి లేదు, సోమవారం అతన్ని పంపమన్నాం. పంపుతాడా లేదా చూడాలి. గోడ మీద అంటించిన బొమ్మలు, నేను ఇచ్చిన కాగితాలు చేయలేనిది ఆ కాఫీ బల్ల దగ్గర ఒక్క మనిషి చేశాడు రా. ఇప్పుడు ఆయన్నే అడిగి మార్చిలో చర్చి భోజనాల దగ్గర...

ఉండు, పిలుస్తున్నారు. మంచు తుఫాను వస్తోందట, చివరి పేషెంటును త్వరగా చూసి పంపేయాలి. వదినగారికి నమస్కారాలు. పాప నీట్ సంగతి అడగనే లేదు, రాయి. నీ కొలనోస్కోపీ తేదీ కూడా. ఆదివారం ఫోను చేస్తాను, ఎత్తు.

నీ
గోంగూర