స్కాన్ నార్మలే, మరి పిల్లాడి తలనొప్పి సంగతి?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి పదకొండేళ్లు. దసరా సెలవులయ్యాక స్కూల్ గ్రౌండ్‌లో క్యాచ్ కోసం వెనక్కి పరుగెత్తి ఇంకో పిల్లాడిని గుద్దుకుని పడ్డాడు. స్పృహ తప్పలేదు, కానీ లేచి కూర్చుని "స్కోరెంత?" అని అడిగాడట, చెప్తే మళ్లీ అదే ప్రశ్న, అలా నాలుగుసార్లు. తల మీద నీళ్లు చల్లి, కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ ఆటకి పంపారు. వాంతి అయ్యాకే మాకు ఫోన్ చేశారు.

క్యాజువాలిటీలో సీటీ స్కాన్ తీశారు. "నార్మల్, ఏం లేదమ్మా, తీసుకెళ్లండి" అన్నారు, అంతే. దేవుడికి దండం పెట్టుకుని ఇంటికొచ్చేశాం, మర్నాడే బడికి పంపేశాం. తర్వాత పది రోజులూ తలనొప్పే. ట్యూబ్‌లైట్ వెలుతురు పడదు, బోర్డు వంక చూడలేడు, నోట్‌బుక్‌లో ఒకే లెక్క రెండుసార్లు ఎక్కించి రెండూ మధ్యలో వదిలేశాడు, ఊరికే చెల్లెలి మీద అరిచేవాడు. బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని నేనే తిట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంకో పిల్లల డాక్టరుగారు చెప్తే తెలిసింది, దీన్ని కంకషన్ అంటారని. దెబ్బకి మెదడు అదురుతుంది, దాని పనితీరు కొన్నాళ్లు దెబ్బతింటుంది. రక్తం కారితే, ఎముక విరిగితే స్కాన్‌లో కనిపిస్తుంది గానీ ఈ అదురు మామూలుగా కనిపించదు. స్పృహ తప్పకపోయినా కంకషన్ కావచ్చు.

స్కాన్ తీసినందుకు నేను తప్పుపట్టను. అడిగిందే అడగడం డాక్టర్లు సీరియస్‌గా తీసుకోవాల్సిన లక్షణమే. అలాగని బొప్పి కట్టిన ప్రతి పిల్లాడికీ రేడియేషన్ అక్కర్లేదు. అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తలకి చిన్న దెబ్బ తగిలి వచ్చినవాళ్లలో ప్రమాదకరమైన గాయం తేలింది నూటికి ఒక్కరికి కూడా కాదు. ఒక్క వాంతి తప్ప ఇంకేమీ లేకపోతే కొన్ని గంటలు అక్కడే ఉంచి కనిపెట్టి చూడొచ్చు.

నా బాధంతా ఇంటికి పంపేటప్పుడు ఎవరూ ఏమీ చెప్పకపోవడం మీదే. మా చేతికిచ్చింది బిల్లు, ఫిల్ము. ఒక్క కాగితం మీద తెలుగులో రాసిస్తే ఏం పోతుంది? ఒకటి రెండు రోజులు బడి మాన్పించి విశ్రాంతి ఇవ్వండి, ఫోన్, టీవీ తగ్గించండి, అలాగని చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టకండి, ఇంట్లో తిరగనివ్వండి, తర్వాత అవసరమైతే సగం పూటతో బడి మొదలుపెట్టండి, తలనొప్పి పూర్తిగా పోయి డాక్టరు సరేననేదాకా ఆటలొద్దు, మానకముందే ఇంకో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం అని. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ముక్కులోంచో చెవిలోంచో నీరు కారినా వెంటనే తీసుకురండి అని.

ఈ కాగితం ప్రతి క్యాజువాలిటీలో, సర్కారుదైనా ప్రైవేటుదైనా, తప్పనిసరి చేయాలి. పీఈటీ సార్లకీ చెప్పాలి, తలకి దెబ్బ తగిలి తికమకగా ఉన్న పిల్లాడిని ఆ రోజు మళ్లీ ఆటకి పంపొద్దని. మీరు కూడా ఈ లక్షణాలు ఒకసారి బాక్స్ కట్టి వేయండి, స్టాఫ్ రూముల్లో గోడకి అంటించుకుంటారు.

ఒక తల్లి, తాడేపల్లిగూడెం