పుట్ ఆఫ్ చేసిన ఘనకార్యం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారు, నా మోకాలి నొప్పి తగ్గింది, నువ్వడిగిన పుస్తకం ఇంకా దొరకలేదు. మిగిలిన కబుర్లు మరో ఉత్తరంలో రాస్తాను. మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి నీ చెవిన వేయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, ఎందుకంటే దీన్ని విని పడీ పడీ నవ్వగలవాడివి నువ్వొక్కడివే. ఆవలింతల మాస్టారు కూడా నవ్వేవారేమో గాని, అందుకు ఆయన మేలుకుని ఉండాలి కదా!

మేము పంపిన కాలపట్టిక చూసి, పని అప్పగించినవారు ఒక మెయిల్ రాశారు. అందులో "వియ్ వర్ ఎ లిటిల్ పుట్ ఆఫ్ బై ద షెడ్యూల్" అన్న వాక్యం ఉంది. మా పై అధికారి దానిని అందరికీ వినబడేలా చదివి, గడువును కాస్త వాయిదా వేశారని ప్రకటించారు. ముఖాలన్నీ విప్పారాయి, ఒకాయన అప్పటికప్పుడు సెలవు చీటీ రాయడం మొదలుపెట్టారు. అప్పుడు కొత్తగా చేరిన ఒక అమ్మాయి లేచి, "సార్, వాళ్లు వాయిదా వేయలేదండీ, మన షెడ్యూలు చూసి వాళ్లకు మనసు విరిగిందండీ" అన్నది. గదిలో చప్పుడు లేదు. సెలవు చీటీ నాలుగు మడతలు పడి జేబులోకి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి చెప్పినది అక్షరాలా నిజం. "పుట్ ఆఫ్"కు కర్మ ఏమిటో, అంటే ఆ పని దేని మీద పడుతోందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. పెళ్లిని, పరీక్షను, పంటి వైద్యుడి దగ్గరకు వెళ్లడాన్ని పుట్ ఆఫ్ చేస్తే అది వాయిదా. మనిషిని పుట్ ఆఫ్ చేస్తే మాత్రం వ్యవహారం వేరు: వాసన నిన్ను పుట్ ఆఫ్ చేస్తే వెగటు పుట్టించిందని, లెక్క పెడుతుండగా నేను మాట్లాడి నిన్ను పుట్ ఆఫ్ చేస్తే ధ్యాస చెదరగొట్టానని, అప్పు తీర్చమని వచ్చినవాడిని పుట్ ఆఫ్ చేస్తే రేపు రా, మాపు రా అని తిప్పుకున్నానని అర్థం. ఈ చివరి విద్యలో మన పచ్చచొక్కా మహానుభావుడిని మించినవాడు లేడని నీకు వేరే చెప్పనక్కరలేదు. మా మెయిల్లో పుట్ ఆఫ్ అయినది గడువు కాదు, "వియ్" అన్న మనుషులు. పైగా వెనుక "బై" ఉంది. వాయిదా అయితే ఆ చోట సాధారణంగా "అంటిల్" వచ్చి, తరువాత ఏదో ఒక తేదీ ఉండేది.

పర్యాయపదాల దగ్గర నాకు మరీ ముచ్చటేసింది. నిఘంటువులో పోస్ట్‌పోన్, డిఫర్, డిలే అని వరుసగా కూర్చోబెడతారు గాని, అవి ఒకదాని కుర్చీలో ఒకటి ఇమడవు. లాటిన్‌లో తరువాత పెట్టడం అన్న అర్థం నుంచి పుట్టిన పోస్ట్‌పోన్ ప్రకటనల భాషకు నప్పుతుంది. డిఫర్ నిర్ణయాలకు, చెల్లింపులకు అలవాటైన మాట. వానవల్ల రైలు ఆలస్యమైతే డిలే అంటాము గాని, వాన రైలును పుట్ ఆఫ్ చేసిందనము. మొదలైన సభను మధ్యలో ఆపి మరో వేళకు పెడితే అడ్జర్న్. ఇక కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడమే. దానిని వాయిదాతో కలిపేస్తే పెళ్లివారు కర్రలు పట్టుకుని వస్తారు. ప్రొక్రాస్టినేట్ కడుపులో రేపు అనే అర్థమున్న లాటిన్ మాట దాగి ఉంది. అందులో తాత్సారపు నింద వినబడుతుంది, పోస్ట్‌పోన్‌లో అది లేదు.

ఇంకొక వింత విను. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో, మండుతున్న పొద దగ్గర దేవుడు మోషే ప్రవక్తను చెప్పులు విడువమన్నప్పుడు వాడిన మాట కూడా ఈ పుట్ ఆఫ్. ఒంటి మీదిది తీసివేయడం అప్పటి వాడుక. ఈ రోజుల్లో ఆ పనికి టేక్ ఆఫ్ అంటున్నారు. చెప్పులను వాయిదా వేయమన్నాడని మా పై అధికారి అర్థం చెబితే ఎలా ఉంటుందో ఊహించుకో! ఆయనను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, పాపం మంచివారు. ఆ సాయంత్రమే క్షమాపణతో జవాబు రాసి, ఆ అమ్మాయి చేత దిద్దించి పంపారు.

వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు నీ కోసం. "ఇట్" వంటి సర్వనామం వస్తే అది నడుమనే కూర్చోవాలి: పుట్ ఇట్ ఆఫ్ అనాలి, పుట్ ఆఫ్ ఇట్ అనరాదు. తరువాత మరొక క్రియ వస్తే దానికి "ఇంగ్" తగలాలి: పుట్ ఆఫ్ గోయింగ్. మనవాళ్లు పుట్ ఆఫ్ టు గో అని ధీమాగా రాసేస్తుంటారు, మరీ ముఖ్యంగా ఆ... సరే, పేరు ఎత్తను, నీకు తెలుసు.

వాయిదాకు ఎదురుగా, అనుకున్న వేళకంటే ముందుకు జరపడానికి మనవాళ్లు వాడే ప్రీపోన్ సంగతి కూడా రాయాలనుకున్నాను. దానిని తప్పని కొట్టివేయడం నాకు అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క మాటతో... తపాలా సంచి కట్టేస్తున్నారని పిల్లవాడు తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నాడు. ఉంటాను.

నీ మిత్రుడు