ఆ కేకులు ఏ బేకరీవీ కావు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన సోమవారం మీ పత్రికలో ‘ఉత్సాహంగా వృద్ధుల నడక’ అని వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. వారం ఆలస్యమైందని నాకూ తెలుసు. మొదటి రెండు రోజులూ పోనీలే అనుకున్నాను. మూడో రోజు మా పక్కింటావిడ ఆ వార్త కత్తిరించి, చివరి వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘ఓ బేకరీ సౌజన్యంతో పాల్గొన్నవారికి కేకులు పంపిణీ చేశారు.’ ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

అయ్యా, ఏ బేకరీ అది? మొత్తం 12 కేకులు. 8 నా ఓవెన్‌లో, 4 ఆవిడ ఓవెన్‌లో అయ్యాయి. నా ఓవెన్‌లో ఒక్కసారికి రెండు టిన్నులే పడతాయి. 180 డిగ్రీల దగ్గర ఒక్కో వాయికి 40 నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా బయటికి రావాలి, అంటితే మళ్లీ లోపలికి. చివరి వాయి దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. పొద్దున్న ఐదింటికే లేచి ముక్కలు కోశాం, ఎందుకంటే వేడి మీద కోస్తే కేకు పొడిపొడి అయిపోతుంది. ఇంత చేశాక ఆ సౌజన్యం ఎవరికో రాసిచ్చేశారు మీరు.

నేను బేకింగ్ మొదలుపెట్టింది రిటైరయ్యాకే. మొదటి కేకులో బేకింగ్ పౌడర్ లేదని అంతే కొలత వంటసోడా వేశాను. సోడా దానికి ఇంచుమించు మూడింతలు బలమైనదని అప్పటికి తెలియదు. సబ్బు నమిలినట్టుంది. పక్కింటావిడ మొహమాటానికి ఒక ముక్క తిని, "బాగుందండీ" అని, రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి వెళ్లింది. అప్పట్నుంచీ నా ప్రతి కేకుకీ పరీక్షాధికారి ఆవిడే. మార్కులు వేయడంలో నాకంటే పిసినారి.

సరే, కేకుల సంగతి పక్కన పెడదాం. ‘పంపిణీ చేశారు’ అన్నది కూడా అబద్ధమే. పంచలేదు, అమ్మాం. ఆ డబ్బు, నడిచినందుకు తెలిసినవాళ్లంతా ఇచ్చిన డబ్బు కలిపి, శుక్లాల ఆపరేషన్ చేయించుకోలేని వాళ్ల కోసం ఇచ్చాం. ప్రపంచంలో చూపు పోవడానికి అన్నింటికన్నా పెద్ద కారణం ఈ శుక్లాలే. ఆపరేషన్‌తో చూపు తిరిగొచ్చే జబ్బు అది. మీ వార్త నాలుగుసార్లు చదివాను. మేం ఎందుకు నడిచామో ఒక్క ముక్క లేదు. ముఖ్య అతిథి జెండా ఊపుతున్న ఫొటో మాత్రం మూడు కాలమ్‌లు. పైగా ‘వందలాది వృద్ధులు’ట. మేం 43 మందిమి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, తల లెక్క తప్పను.

ఇక ఆ అతిథి గారి సంగతి. ఆరింటికన్నారు, ఆరూ యాభైకి వచ్చారు. అంతసేపూ మోకాళ్ల నొప్పులవాళ్లం నిలబడే ఉన్నాం. కుర్చీలు ఉన్నాయి, కానీ వేదిక మీద ఉన్నాయి. మా కేకుల బల్ల ఫొటోకి అడ్డమొస్తోందని చెట్టు వెనక్కి జరిపించారు. అక్కడికెవరొచ్చి కొంటారు? తర్వాత ప్రసంగం. ‘రోజుకు 10,000 అడుగులు నడవకపోతే ఆరోగ్యం లేనట్టే’ అని ఆయన సెలవిచ్చారు, మీరు దాన్ని బాక్సు కట్టి వేశారు. ఆ సంఖ్య ఏ డాక్టరూ తేల్చింది కాదండీ. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక మీటరుకి ‘మాన్‌పో-కే’ అని, అంటే పదివేల అడుగుల మీటరని, అమ్ముకోవడానికి పెట్టిన పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. 65 దాటినవాళ్లు అందులో భాగంగా పడిపోకుండా నిలదొక్కుకునే కసరత్తులు వారానికి కనీసం మూడు రోజులు చేయాలంటుంది. ఇది ఎవరైనా చూసుకోవచ్చు. ఒకప్పుడు పేపర్లో అచ్చయిందంటే పిల్లలకి నోట్సు చెప్పేదాన్ని. ఇప్పుడు ముందు నేను సరిచూసుకోవాల్సి వస్తోంది.

మమ్మల్ని అంతగా నడవమనేవాళ్లు నడిచే దారి చూశారా? మేం దాటాల్సిన మెయిన్ రోడ్డు వెడల్పు 15 మీటర్లు. పచ్చ మనిషి బొమ్మ వెలిగేది 12 సెకన్లు, గడియారం పెట్టి మూడు రోజులు చూశాను. సిగ్నళ్లు లెక్కగట్టేవాళ్లు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని అనుకోవడం చాలాచోట్ల ఉన్నదే. ఇక్కడ ఆ లెక్కకీ చాలదు. నా వయసువాళ్లలో చాలామంది 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. 12 సెకన్లకి 9.6 మీటర్లు. మిగతా 5.4 మీటర్లు ఎవరి పూచీ? ఈ లెక్కంతా తెల్లకాగితం మీద వేసి సంబంధిత ఆఫీసుకి రెండుసార్లు ఇచ్చాను. ‘మీ వినతి పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది, రెండుసార్లూ అదే వాక్యం, రెండోసారి నా పేరు తప్పు. ఆ రోజు మాత్రం అతిథి గారి కారు కోసం అదే సిగ్నల్‌ని పది నిమిషాలు ఆపేశారు. ఆపడం చేతకాక కాదన్నమాట!

ఇంకొక మాట. మా నడకని మీరు ‘కాలక్షేపం’ అన్నారు. 43 మందిలో ఒకాయనకి కిందటేడు రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని అందరికన్నా ముందు నడిచాడు. ఆయన్ని అడిగి ఉండాల్సింది, కాలక్షేపమో కాదో.

సవరణ వేస్తే ఆ జెండా ఫొటో పక్కన ఎంత అక్షరాలు పెట్టారో అంత అక్షరాల్లోనే వేయండి. పెళ్లి ప్రకటనల కింద దాచొద్దు. అలాగే, అతిథి గారి వెంట వచ్చినవాళ్లు ఒక కేకుని టిన్నుతో సహా వేదిక మీదికి పట్టుకెళ్లారు. కేకు తిన్నారు, సంతోషం. టిన్ను ఇంకా రాలేదు. గుండ్రటిది, అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. మీ విలేకరి అక్కడే ఉన్నాడు కదా, ఓసారి కనుక్కోమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్