అలుగు దారి మూసుకుపోతే కట్ట నిలవదు

సంపాదకులకు నమస్కారం.

ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట, ఆ వెంటనే 2021 నవంబరు 19న చెయ్యేరు నదిపై అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలు కకావికలమైన సంగతి మా ప్రాంతం ఎన్నటికీ మరువలేనిది. మట్టికట్ట ఎంత వెడల్పుగా ఉన్నా, నీరు పైనుంచి పొర్లడం మొదలైతే వెనుకవాలు కోసుకుపోయి కొద్ది గంటల్లోనే గండి పడుతుంది. అందుకే పెద్దలు కట్టతో పాటు, నిండిన నీరు సురక్షితంగా పొర్లిపోయే అలుగునూ అంత శ్రద్ధగా కట్టారు. ఊరి చెరువులకూ ఇదే వర్తిస్తుంది. వాన నీటిని పట్టి ఉంచి వరద ఉధృతిని తగ్గించే ఈ చెరువులు గొలుసుకట్టుగా ఉన్నచోట, పైచెరువు తెగితే ఆ భారమంతా కిందిచెరువుపై పడుతుంది.

నేడు అనేక చోట్ల అలుగు వాగులు ఆక్రమణలతో ఇరుకయ్యాయి. మరిన్ని నీళ్లు నిలవాలని అలుగుపై ఇసుక బస్తాలు వేయడం రైతు కష్టం దృష్ట్యా అర్థం చేసుకోదగినదే అయినా, చాలా ప్రమాదకరం. కట్టపై పెరిగిన తుమ్మచెట్ల వేర్లు, ఎలుకల బొరియలు నీటికి లోపలి దారులవుతాయి. నైరుతి వానలకు ముందే వాగు హద్దులు గుర్తించి, పూడిక తీసి, తూము తలుపులు సరిచూసి, రాత్రివేళ కట్ట కాసేందుకు నీరుగంటి (చెరువు నీటిని చూసుకునే ఊరి కాపరి) వంటి మనిషిని వేతనంపై నియమించాలని జలవనరుల శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రాజంపేట