కేంద్ర హోం మంత్రి గారికి గంజాం తీరం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, గోపాలపూర్ దగ్గర చేపలవేట మీద బతికే పేట. చుట్టుపక్కల ఒడియా వాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, తాతల నాటి నుంచీ ఇంతే. తుపాన్ల వేళ జనాన్ని కాపాడే ఊరి బృందాలకూ మీ పురస్కారంలో చోటివ్వమని అడగడానికే ఈ లేఖ.

2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అంతకు ముందురోజు పేటలో ఒడియాలో మైకు మోగింది. మా నాయనమ్మకు ఒడియా అంతంతమాత్రం. ఎనభై దాటిన మనిషి. "ఎన్ని గాలులు చూడలేదు, గంగమ్మ తల్లి ఉంది, నేను కదలను" అని గుంజ పట్టుకుని కూర్చుంది. పేట కుర్రాళ్లు నలుగురొచ్చారు. వాళ్లలో ఒకడు ఆవిడ పక్కనే చతికిలబడి, "మామ్మా, ముందు నీ మేకను షెల్టరుకు తోలుకెళ్తాం, నువ్వు తర్వాత వద్దువుగాని" అన్నాడు. మేకను పట్టుకెళ్లారు. కాసేపటికి ఆవిడే లేచింది. నులకమంచం మీద కూర్చోబెట్టి మోసుకెళ్లారు. తెల్లారేసరికి మా ఇంటికి కప్పు లేదు.

1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల ప్రాణాలు పోయిన రాష్ట్రం మాది. ఫైలిన్‌కు దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు, చావులు పదుల్లోనే ఆగాయి. వాతావరణ శాఖ ముందుగా చెప్పింది, ప్రభుత్వం షెల్టర్లు కట్టింది. ఆ మేలు మేం మరచిపోం. అయితే గడప దాటనని మొండికేసిన ముసలమ్మను ఆవిడ భాషలో ఒప్పించి తీసుకెళ్లింది ఆ కుర్రాళ్లే.

విపత్తుల వేళ చేసిన సేవకు ఏటా జనవరి 23న మీరు సుభాష్ చంద్రబోస్ ఆపదా ప్రబంధన్ పురస్కారం ప్రకటిస్తున్నారు. సంస్థకు 51 లక్షలు, వ్యక్తికి 5 లక్షలు. 2023లో అది ఒడిశా రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు దక్కితే మా పేటలో మిఠాయిలు పంచుకున్నాం. మరి వ్యక్తీ కాక, రిజిస్టరైన సంస్థా కాక, ఆ కుర్రాళ్లలా ఊరి పదిహేనుమంది కలిసి పనిచేసే గుంపు ఏ వరసలో నిలబడాలి? వాళ్ల తరఫున దరఖాస్తు పెడదామని నేనొక ఆఫీసుకు వెళితే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు, ఆ తర్వాత ఆడిట్ లెక్కలు. తాళ్లు, టార్చి బ్యాటరీలు, విజిళ్లు కొనడానికి వేట డబ్బుల్లోంచి తలా కొంత వేసుకునేవాళ్ల దగ్గర ఆడిట్ ఎక్కడిది? ఆ మాట వాళ్లతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

2020 ఆగస్టులో మా జిల్లా వెంకటరాయపూర్‌నూ, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహినీ సునామీకి సన్నద్ధమైన గ్రామాలుగా యునెస్కో సముద్ర విజ్ఞాన కమిషన్ గుర్తించింది. హిందూ మహాసముద్ర ప్రాంతంలో ఆ గుర్తింపు పొందిన మొదటి దేశం మనది. ప్రపంచం ఊరి పేరు పెట్టి పిలిచి మెచ్చుకున్నప్పుడు మన దేశం కూడా పిలవవచ్చు కదా.

బ్రిటన్‌లో 2002 నుంచి ఇలాంటి స్థానిక సేవా బృందాలకే విడిగా ఒక జాతీయ అవార్డు ఉంది. బృందం తన గురించి తాను రాసుకోకూడదు, వాళ్ల సేవ ఎరిగిన మరొకరు రాయాలి. తర్వాత స్థానికంగా మనుషులు వచ్చి పని చూసి వెళతారు. మనకూ ఈ పద్ధతి బాగా నప్పుతుంది. మీ పురస్కారంలో గ్రామ బృందాలకు విడిగా ఒక విభాగం పెట్టండి. నామినేషన్ పత్రం తెలుగులోనూ, ఒడియాలోనూ, సవర వంటి కొండ భాషల్లోనూ తీసుకోండి. రిజిస్ట్రేషన్ బదులు పంచాయతీ మాటా, సాయం పొందినవాళ్ల సంతకాలూ చాలనండి. డబ్బు తక్కువైనా ఫర్వాలేదు, లైఫ్ జాకెట్లు, తాళ్లు ఇచ్చినా సంతోషమే. పత్రం మీద మాత్రం ఆ బృందం పేరు, ఊరి పేరు ఉండాలి.

కొండ భాషల మాట ఊరికే అనలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పక్కనే గజపతి జిల్లా బరఘరలో, వానకు కొండ కింద తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. తీరంలో మాకు తుపాన్లు నేర్పిన అలవాటుంది. కొండల్లో అలాంటి బృందాలు ఇంకా నిలదొక్కుకోవాలి. మీ గుర్తింపు అక్కడి కుర్రాళ్లకే ఎక్కువ అవసరం.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ తరఫున నామినేషన్ నేను రాస్తాను. మీ అధికారి ఎవరైనా వస్తే షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, నడవలేనివాళ్ల జాబితా ఏ గోడ మీద రాసుంటుందో దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
గోపాలపూర్ తీరపు ఒక పేటవాసి