ముద్ర ఇచ్చింది సిబ్బంది, ఓటు పోయింది ఓటరుది

సంపాదకులకు,

స్థానిక ఎన్నికల లెక్కింపులో గొడవంతా చివరికి చెల్లని ఓట్ల కట్ట దగ్గరే తేలుతుంది. కౌంటింగ్ డ్యూటీ ఐదారుసార్లు చేసినవాడిగా చెబుతున్నాను. బ్యాలెట్ విప్పితే ఒక గుర్తు మీద ముద్ర నిండుగా ఉంటుంది, ఇంకో గుర్తు మీద మసగ్గా, తిరగబడి కనిపిస్తుంది. సిరా ఆరకముందే మడిచారన్నమాట. ఓటెవరికో చూడగానే తెలుస్తుంది. అయినా మెజారిటీ రెండు మూడు ఓట్ల దగ్గర ఊగుతుంటే ఏజెంట్లు ఆ కాగితాన్ని ట్యూబ్‌లైటుకేసి పట్టుకుని అరగంట వాదిస్తారు.

ఇలాంటివి అక్కడికక్కడే తేల్చొచ్చు. నన్ను బాధించేది వేరే రకం. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో కొన్ని బ్యాలెట్ల మీద ఓటుకు వాడాల్సిన స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్ర పడింది. ఓటరు ఇంటినుంచి ముద్ర తెచ్చుకోడు కదా, చేతికిచ్చినదే వేస్తాడు! వాటినీ లెక్కించాలని రాష్ట్ర ఎన్నికల సంఘం చెప్పింది, అదీ లెక్కింపునకు ముందురోజు రాత్రి. తెల్లారేసరికి వ్యవహారం హైకోర్టుకెక్కింది, ఆ ఉత్తర్వు ఆగింది. నేరేడ్‌మెట్ డివిజన్‌లో ఆధిక్యం కన్నా వివాదంలో పడ్డ ఓట్లే ఎక్కువ కావడంతో ఫలితం రోజుల తరబడి నిలిచిపోయింది.

సంఘం చెప్పిన మాట తప్పని నేననను. చెప్పిన వేళ తప్పు. పెట్టెలకు సీలు పడ్డాక రూలు మారిస్తే, అది ఎంత మంచి రూలైనా ఓడినవాడు నమ్మడు.

లోక్‌సభ, అసెంబ్లీలకు వర్తించే 1961 నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. బ్యాలెట్ మీద ప్రిసైడింగ్ అధికారి (పోలింగ్ కేంద్రం బాధ్యుడు) సంతకం, పోలింగ్ కేంద్రం ముద్ర లేకపోయినా, అది సిబ్బంది పొరపాటేనని రిటర్నింగ్ అధికారికి (నియోజకవర్గంలో ఎన్నిక నిర్వహించే అధికారికి) నమ్మకం కుదిరితే ఆ ఒక్క కారణంతో ఓటు కొట్టేయకూడదు. ఓటరు చేతికి తప్పుడు ముద్ర ఇచ్చిన సందర్భానికీ అదే న్యాయం వర్తించేలా స్థానిక ఎన్నికల నిబంధనల్లో, నోటిఫికేషన్‌కు ముందే రాసిపెట్టాలి.

మరో సంగతి. 2024 చండీగఢ్ మేయర్ ఎన్నికలో పోలైన 36 ఓట్లలో 8 చెల్లవన్నారు. వాటి మీద ఎన్నికల అధికారే గీతలు గీయడం కెమెరాకు చిక్కింది. సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లను తెప్పించుకుని చూసి, చెల్లుతాయని చెప్పి, ఫలితాన్ని తిరగరాసింది. కెమెరా లేని గదిలో ఇదే జరిగితే? అందుకే కొట్టేసిన ప్రతి బ్యాలెట్‌నూ కెమెరాకూ ఏజెంట్లకూ చూపించి, ఎందుకు కొట్టేశారో దాని వెనకే రాయాలి. రాయడానికి టైము లేదంటారా, కారణాలు చెక్కిన రబ్బరు స్టాంపులు నాలుగు చేయించినా సరిపోతుంది.

- ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు