పదో రోజుకు బాగుకావాల్సింది పందొమ్మిదో రోజుకూ కాలేదు: పౌర విమానయాన మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పాడైన భాగాన్ని గడువులోగా బాగుచెయ్యకుండా విమానాన్ని తిప్పడం మీద ఇది నా నాలుగో అర్జీ. మొదటిది విమాన సంస్థకు పెట్టాను, తర్వాతి రెండూ ఢిల్లీకి పంపాను. సంస్థవాళ్లు ‘సాంకేతిక కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని ఒక్క వాక్యం రాశారు. ఢిల్లీ నుంచి ఫిర్యాదు నంబరు వచ్చింది గానీ జవాబు రాలేదు. అందుకే ఇలా నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఇంజిన్ ఫిట్టర్‌గా చేశాను. ఏయే పరికరాలు పనిచెయ్యకపోయినా విమానం ఎగరవచ్చో చెప్పే జాబితా ఎం.ఈ.ఎల్. ఎందుకుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి చిన్న స్నాగ్‌కూ, అంటే లోపానికీ, విమానాన్ని ఆపేస్తే ఏ సర్వీసూ నడవదు. బాగుచెయ్యడానికి బి క్యాటగిరీ లోపానికి 3 రోజులు, సీకి 10, డీకి 120. స్నాగ్ రాసిన రోజు లెక్కలోకి రాదు. ఇదంతా న్యాయమే. కానీ ఆ గడువు బాగుచెయ్యడానికి ఇచ్చిన గడువు, అలాగే తిప్పుకోవడానికి ఇచ్చిన సెలవు కాదు.

మే మొదటి వారంలో ఢిల్లీ నుంచి వస్తూ మెట్ల దగ్గర నిలబడిన ఇంజినీర్ కుర్రాణ్ని అడిగాను, ఏపీయూ నడవట్లేదేం బాబూ అని. నేల మీద ఉన్నప్పుడు కరెంటూ, చల్లగాలీ, ఇంజిన్ స్టార్టుకు గాలీ ఇచ్చే తోకలోని చిన్న ఇంజినే ఏపీయూ. ‘నిన్ననే ఇనాప్ అయింది సార్, సీ క్యాటగిరీలో పెట్టాం’ అన్నాడు. ఇనాప్ అంటే పనిచెయ్యడం లేదని. తోక మీది రిజిస్ట్రేషన్ అక్షరాలు గుర్తుపెట్టుకోవడం నా పాత అలవాటు. సరిగ్గా పందొమ్మిదో రోజున మా అత్తగారిని ఢిల్లీలో దించిరావడానికి గన్నవరంలో ఎక్కబోతే ఎదురుగా అదే విమానం. ముక్కు దగ్గర బయటి నుంచి కరెంటిచ్చే జీపీయూ బండి, దాన్నుంచి లావుపాటి కేబుల్. తోక చివరి గొట్టంలో చప్పుడు లేదు, సెగ లేదు.

రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండున్నర. రోళ్లు పగిలే ఎండ అంటే ఏమిటో మా గుంటూరు, బెజవాడ వాళ్లకు తెలుసు. లోపల లైట్లు వెలుగుతున్నాయి, పైనున్న రంధ్రాల్లోంచి గాలి మాత్రం రావట్లేదు. ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి గాలి కొట్టే బండి వేరే విమానం దగ్గర ఉందట. తలుపులు వేసి యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. సీటు జేబుల్లోని సేఫ్టీ కార్డులు తీసి అందరూ విసురుకుంటున్నారు. నీళ్లిస్తున్న అమ్మాయి చొక్కా కాలరు తడిసి మెడకు అంటుకుపోయింది, పాపం ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? మా అత్తగారికి 81 ఏళ్లు, గుండెకు పేస్‌మేకర్ ఉంది. ‘అల్లుడుగారూ, ఆ తలుపు కాస్సేపు తీసి ఉంచమని అడగండి, ఊపిరాడట్లేదు’ అన్నారు. అడిగాను. ఐదు నిమిషాల్లో కదులుతామన్నారు. ఆ ఐదు నిమిషాల మాట నాలుగుసార్లు విన్నాం. ఆవిడ తల పక్కకు వాలిపోయింది. కొంగు తడిపి మెడ మీద వేసి, చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. వెనక వరుసలోంచి ఒక డాక్టరమ్మ పరుగున వచ్చి నాడి చూసింది. ఇంజిన్ తిరిగి చల్లగాలి వచ్చాక గానీ ఆవిడ కళ్లు తెరవలేదు. అంతసేపట్లో ఏపీయూ పాడైందన్న ముక్క ఎవరి నోటా రాలేదు.

మధ్యలో బాగుచేస్తే మళ్లీ పాడైందా? గడువు పొడిగించారా? విమానం లోపాలూ మరమ్మతులూ రాసే టెక్ లాగ్ పుస్తకంలో ఉంటుంది. కానీ టికెట్ కొన్నవాడు అడిగితే చెప్పే నాథుడు లేడు.

ఏపీయూ లేకుండా ఎగరడం ప్రమాదమని నేను అనడం లేదు. రెండు ఇంజిన్లకూ రెండు జనరేటర్లుంటాయి. కానీ వాటిలో ఒకటి పోతే ఆసరాగా ఉండేది ఏపీయూకున్న ఈ మూడో జనరేటరే. ఒక్కో స్నాగ్ విడిగా చూస్తే పర్వాలేదనిపిస్తుంది. రెండూ మూడూ కలిసినప్పుడు ఏమవుతుందో అర్ధరాత్రి టార్చిలైటుతో తేల్చాల్సింది ఒక్క ఇంజినీరు. 2014లో జావా సముద్రంలో 162 మందితో కూలిన విమానంలో చుక్కాని వ్యవస్థలో ఒకే లోపం అంతకుముందు పన్నెండు నెలల్లో 23 సార్లు వచ్చింది. మూలం ఒక సోల్డర్ పగులు.

ఇక్కడా మీవాళ్లకు తెలియనిదేం కాదు. 2022 జులైలో ఎం.ఈ.ఎల్. కింద విమానాలు వదలడం పెరుగుతోందని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏనే చెప్పి, లైసెన్సున్న ఇంజినీర్లే విమానాన్ని ఎగరడానికి రిలీజ్ చెయ్యాలని ఆదేశమిచ్చింది. 2025 జూన్‌లో, అహ్మదాబాద్ ఘోరం తర్వాత జరిపిన తనిఖీల్లో, అవే లోపాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని మళ్లీ డీజీసీఏనే రాసింది. కనుక్కున్నది మీరే కదా అయ్యా, మందు కూడా మీరే వెయ్యాలి.

ఏపీయూ చచ్చిన విమానాన్ని, నేల మీద చల్లగాలి ఇచ్చే బండి లేని ఊళ్లకు, వేసవి మధ్యాహ్నాల్లో పంపొద్దని చెప్పండి. తప్పక పంపాల్సి వస్తే స్టార్ట్ బండి వచ్చేదాకా జనాన్ని ఎక్కించొద్దని చెప్పండి. పెద్దవాళ్లనీ పసిపిల్లల్నీ తీసుకెళ్లేవాళ్లకు ముందే ఒక్క మాట చెప్పించండి. వారంలో రెండోసారి వచ్చిన స్నాగ్‌కు కొత్త తేదీ వేసి కొత్త లెక్క మొదలుపెట్టనివ్వకండి.

దసరాకు మా అత్తగారు తిరిగి రావాలి. ఆ మోకాళ్లతో ఢిల్లీ నుంచి రాత్రీ పగలూ రైల్లో కూర్చుంటానంటున్నారు గానీ విమానం మాత్రం వద్దంటున్నారు. ఆ విమానం ఏపీయూ ఏ తేదీన బాగుచేశారో, మధ్యలో ఎన్నిసార్లు వాయిదా వేశారో నాకు రాయించండి. దండం పెట్టి అడుగుతున్నాను. ఈ నాలుగో అర్జీకైనా నంబరు కాకుండా జవాబు పంపించండి.

ఇట్లు,
వైమానిక దళ విశ్రాంత ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు.